తాటాకులు, ఇత్తడి, కొమ్ము బొమ్మలు తుడవడానికి కొన్న సరుకు మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తానండి, ఈ సరుకంతట్లో నేను ఐదుకి ఐదు ఇచ్చేది మేకవెంట్రుకల బ్రష్ కి, ఆస్పత్రి దూదికి మాత్రమే. సీసాల్లో వచ్చేవన్నీ వాటి తర్వాతే, ఎంత ఖరీదు పెట్టినా సరే. పాత వస్తువులు ఇంట్లో ఉన్నవాళ్ళు, గుడి సామాను చూసుకునేవాళ్ళు, చిన్న చిన్న మ్యూజియంలు నడిపేవాళ్ళు ఇది పూర్తిగా చదివాకే షాపుకెళ్ళండి.

మాది బరంపురం. ఇక్కడ తెలుగువాళ్ళం పెట్టుకున్న ఒక పాత గ్రంథాలయం వెనకగదిలో రెండు అద్దాల బీరువాలున్నాయి, వాటిల్లో సామాను చూసుకునే పని నాది. తాటాకు పుస్తకాలు కొన్ని తెలుగు లిపిలో కొన్ని ఒడియాలో, పర్లాకిమిడి నుంచి వచ్చిన గంజీఫా చీట్లు (చేత్తో బొమ్మలేసిన పాతకాలపు పేకముక్కలు), అక్కడివే కొమ్ము బొమ్మలు, బెల్లగుంఠ ఇత్తడి చేపలు, నాలుగైదు వెండి గిన్నెలు, ఒక పెట్టెలో మనూరి పట్టు. ఏసీ లేదు. వానాకాలం తేమ, గోపాలపూర్ వైపు నుంచి ఉప్పుగాలి, ఎండాకాలం రోడ్డు దుమ్ము, ఇవన్నీ వచ్చి వస్తువు మీదే కూర్చుంటాయి.

నేను ఏది కొన్నా ఒక్కటే చూస్తాను, తుడిచేశాక ఇది వస్తువు మీద ఏం మిగులుస్తుంది అని. ఏమీ మిగల్చకపోతే కొంటాను. నూనో, సెంటో, రంగో, తెల్లపొడో ఏదో ఒకటి మిగులుస్తుందంటే ఎంత మెరిపించినా నాకొద్దు. ఎందుకంటే ఈరోజు దుమ్ము పూర్తిగా రాకపోయినా కొంపేం మునగదు, వచ్చే ఏడాది తియ్యొచ్చు, కానీ తాటాకు లోపలికి దిగిపోయిన నూనెని, ఇత్తడి సందులో గట్టిపడిపోయిన పాలిష్ ని వెనక్కి తియ్యడం ఎవరి తరమూ కాదు.

బ్రష్ సంగతి. మేకవెంట్రుకలది, వెడల్పుగా చదునుగా ఉండేది కొనండి, జపాన్ వాళ్ళు హాకే అంటారు, బొమ్మలేసే సామాన్లు అమ్మే షాపులో దొరుకుతుంది. ఇక్కడ మోసం ఏంటంటే నైలాన్ పోచలకే గోధుమరంగేసి మేకవెంట్రుక అని అమ్మేస్తారు, చేత్తో పట్టుకుంటే తెలీదు. ఒక్క పోచ పీకి అగ్గిపుల్లతో కాల్చండి. నిజం వెంట్రుకైతే జుట్టు కాలిన కంపు కొట్టి, మిగిలిన బూడిద వేళ్ళమధ్య నలిపితే పొడైపోతుంది. నైలాన్ అయితే కరిగి చివర గట్టి పూసలా అవుతుంది. షాపువాడు ఏమనుకున్నా సరే ఈ పరీక్ష చేసే తీసుకోండి, నేనైతే ఒకటి కొని షాపు బయటే కాల్చి చూసి అప్పుడు మిగతావి తీసుకున్నాను. తెచ్చాక సబ్బునీళ్ళతో కడిగి, సబ్బు మొత్తం పోయేదాకా జాడించి, నీడలో ఆరబెట్టండి, మొదట్లో ఊడే వెంట్రుకలు అప్పుడే ఊడిపోతాయి. పిడి దగ్గర రేకు పట్టీ ఉంటే దాని చుట్టూ మెత్తటి టేపు చుట్టాలి, తుడిచేటప్పుడు మన దృష్టి కుచ్చు మీద ఉంటుంది, గీత పెట్టేది మాత్రం ఆ రేకు. లోహాలకి వాడిన బ్రష్ తాటాకుకి వాడొద్దు, ఏది దేనికో పిడి మీద రాసిపెట్టుకోండి.

తాటాకు మీద ఎలా వాడాలో కూడా చెప్తాను, ఎందుకంటే బ్రష్ మంచిదైనా చెయ్యి మంచిది కాకపోతే లాభం లేదు. ఆకుని బల్లమీద తెల్లకాగితం పరిచి దానిమీద పెట్టి, ఎడమచేత్తో అంచు నొక్కిపట్టి, మధ్యనుంచి చివరకి, పొడుగునే తుడవాలి, ఈనె వెళ్ళే దారినే. అడ్డంగా తుడిస్తే అంచుల దగ్గర చీలిన పోగు బ్రష్ కి తగిలి లేచిపోతుంది. తాడు దూర్చే చిల్లు చుట్టూ ఎప్పుడూ చీలికలుంటాయి, అక్కడ పెద్ద బ్రష్ వద్దు, సన్నటి రంగుల బ్రష్ తో చిల్లు నుంచి బయటికి రెండుసార్లు అంటే చాలు. కింద కాగితం మీద ఏం పడిందో ప్రతిసారీ చూడండి. బూడిదరంగు దుమ్మైతే మంచిదే, నల్లటి పొడి పడుతోందంటే అది దుమ్ము కాదు, గంటంతో గీసిన గీతల్లో పూసిన మసి. తాటాకు మీద అక్షరం అంటే గీత, దాంట్లో నింపిన మసి, అంతే కదా, ఆ మసిని పట్టి ఉంచేది పెద్దగా ఏమీ లేదు. నల్లగా పడ్డం మొదలైతే అక్కడితో ఆపెయ్యాలి.

వేక్యూమ్ క్లీనర్ కి నాలుగు స్టార్లు, ఒక షరతు మీద. లాగే బలం తగ్గించుకునే వీలుండాలి, హెపా ఫిల్టర్ ఉండాలి, లేకపోతే ముందునుంచి లాగిన సన్నదుమ్ము వెనకనుంచి గదిలోకే వచ్చి మళ్ళీ వస్తువు మీదే పడుతుంది. గొట్టం మూతికి నైలాన్ దోమతెర ముక్క రబ్బరుబ్యాండుతో బిగించండి, చిన్న పెచ్చు ఏదైనా ఊడితే అక్కడే ఆగుతుంది, సంచిలోకి పోదు. గొట్టం వస్తువుకి తగలకూడదు, బ్రష్ తో దుమ్ముని గొట్టం వైపు తోసుకుంటూ పోవాలి. పట్టుకి మాత్రం దోమతెరని పట్టుమీదే పరిచి పైనుంచి లాగడం మేలు, లేకపోతే పాత పోగు లేచి వచ్చేస్తుంది. రంగు పెచ్చులూడుతున్న దేనిమీదా ఇది పెట్టొద్దు.

స్మోక్ స్పాంజి అని ఒకటి ఆన్ లైన్ లో దొరుకుతుంది, ఇళ్ళు తగలబడ్డాక గోడల మీద మసి తియ్యడానికి వచ్చిన సరుకు, రబ్బరుది, తడి లేకుండా పొడిగానే వాడాలి. చెక్క పలకల మీద, పాత అట్టల మీద, రంగులేని చెక్క పెట్టెల మీద చాలా బాగా పనిచేసింది, రుద్దక్కర్లేదు, అద్ది తీస్తే మురికి దానికే పట్టుకుంటుంది, నల్లబడ్డ పొరని చాకుతో కోసేస్తే కింద కొత్త ముఖం వస్తుంది. కానీ రబ్బరు గట్టిపడ్డానికి గంధకం కలుపుతారు కాబట్టి వెండి దగ్గరికి తేవొద్దు, వెండి నల్లబడేదే గంధకం వల్ల. రాసిన తాటాకు మీద అసలొద్దు, మసిని కూడా లాగేస్తుంది. బూజు మీద కూడా వద్దు, తడిగా ఉన్న బూజుని ఇంకా లోపలికి పామేస్తుంది, ముందు గాలికి ఆరనిచ్చి, ఎన్-95 మాస్క్ పెట్టుకుని, వరండాలో బ్రష్ తో దులపాలి. దీనికి మూడున్నర. ఇది దొరక్కపోతే మేకప్ వేసుకునే తెల్ల స్పాంజి ముక్కలు, సెంటూ పౌడరూ లేనివి కొనండి, కన్జర్వేటర్లు, అంటే పాత వస్తువులు బాగుచేసి కాపాడే నిపుణులు కూడా వాడతారు, చవక. పాతబడితే రాలిపోతాయి, ఎక్కువ కొని దాచుకోకండి.

మైక్రోఫైబర్ గుడ్డ గురించి అందరూ అడుగుతున్నారు. బీరువా అద్దాలకి బ్రహ్మాండం, వస్తువులకి వద్దు. ఆ గుడ్డ పని చేసేదే చిన్నచిన్న పోగులు పట్టుకుని లాగడం వల్ల, పాత చెక్కలో లేచిన పేడు, జరీ, ఊడే రంగు పెచ్చు, అన్నిట్నీ అలాగే లాగుతుంది.

ఇప్పుడు దూది. మన మెడికల్ కాలేజీ దగ్గర సర్జికల్ షాపుల్లో దొరికే మామూలు అబ్జార్బెంట్ కాటన్ రోల్, దానికి మించింది లేదు. చెవిలో పెట్టుకునే రెడీమేడ్ పుల్లలు వద్దు, దూది గట్టిగా చుట్టి ఉంటుంది, జిగురు ఉంటుంది, తడి పీల్చదు. సన్న వెదురుపుల్ల చివర దూది మనమే వదులుగా చుట్టుకోవాలి, పుల్ల మొన మీద కూడా దూది నిండుగా రావాలి, మొన తగిలితే గీతే. తడిపి, అద్దుడుకాగితం మీద అద్ది, అప్పుడు వస్తువు మీద దొర్లించాలి, రుద్దకూడదు. ఒకసారి దొర్లించిన పుల్ల మళ్ళీ తిప్పి వాడకండి, పట్టిన ఇసుకరేణువుతోనే గీతలు పడతాయి. దూది ఎక్కువ ఖర్చవుతుంది, అవ్వనీండి, ఈ మొత్తంలో అన్నిటికంటే చవకైంది అదే.

నీళ్ళు కూడా కొనాల్సిన సరుకే. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు వద్దు, వాటిల్లో క్లోరైడ్లుంటాయి, రాగి ఇత్తడి కంచు వీటి మీద క్లోరైడ్ కూర్చుంటే కొన్నాళ్ళకి లేతపచ్చ పొడి పుట్టుకొచ్చి లోపలికి తినేస్తూ పోతుంది, ఇప్పటికే ఉప్పుగాలి చేసే పని చాలదా. బ్యాటరీ షాపులో సీల్ ఉన్న డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తీసుకోండి, యాసిడ్ కాదు, నీళ్ళే అని లేబుల్ రెండుసార్లు చదివి తీసుకోండి. విడిగా పోసిచ్చేది వద్దు.

ఆల్కహాల్ విషయంలో కూడా లేబులే ముఖ్యం. సర్జికల్ స్పిరిట్ లో కొన్ని రకాలకి ఆముదం లాంటివి కలుపుతారు, ఆరాక సన్నటి జిడ్డు ఉండిపోతుంది. శానిటైజర్ లో గ్లిజరిన్ ఉంటుంది. మొబైల్ రిపేరు సామాన్ల షాపులో దొరికే వట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నయం. ఒక చుక్క శుభ్రమైన అద్దం మీద వేసి ఆరనివ్వండి, మరక మిగిలితే ఆ సీసా అద్దాలకే ఉంచండి. లక్క, వార్నిష్ ఉన్నవాటి మీద ఆల్కహాల్ అసలు పెట్టొద్దు, కరిగిపోతాయి. కిటికీలు తీసి, దీపం అగరొత్తులు ఆర్పి వాడండి.

సబ్బు దగ్గరే మా గ్రంథాలయంలో అందరికంటే ఎక్కువ వాదన అయింది. మా పక్కింటి పిన్నిగారు పట్టు తెచ్చిచ్చినావిడే, "కుంకుడుకాయ కంటే మంచిది ఏటుంది మాస్టారూ, మా అమ్మ పట్టంతా దాంతోనే ఉతికీది, ఇప్పటికీ అలాగే ఉంది కదా" అంది. ఆవిడ మాటలో నిజం ఉంది. కుంకుడు కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది, పట్టుకి పడనిది క్షారం, అందుకే బట్టలసోడా సబ్బుల కంటే కుంకుడు వెయ్యిరెట్లు మేలు, మన దేశంలో బట్టల కన్జర్వేషన్ లో కూడా వాడకం ఉంది. "పిన్నిగారూ, కట్టుకునే చీరకి సరే, కానీ ఇది మడతల దగ్గర పోగులు విరిగిపోతున్న పట్టు, నీళ్ళల్లో ముంచితే బరువుకే చిరుగుతుంది, పైగా కుంకుడు రంగు కొంచెం దిగుతుంది, జాడించి జాడించి తియ్యాలి" అని చెప్పాను. "అయితే ఉతకొద్దు బాబూ, దులిపి దాచు" అని ఆవిడే తేల్చేసింది. అదే చేశాం. చెక్కకీ, లోహానికీ తడి తప్పనిసరైతే అయానిక్ కాని (నీళ్ళలో విద్యుదావేశమున్న కణాలుగా విడిపోని) డిటర్జెంట్ లేబ్ సరుకులమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతుంది, ట్రైటాన్ ఎక్స్-100 అనేది బాగా తెలిసిన పేరు, నీటి జీవాలకి హాని అని యూరప్ లో దానిమీద ఆంక్షలు పెట్టారు, కాబట్టి నీళ్ళలో ఒకట్రెండు చుక్కలకి మించొద్దు. గిన్నెల లిక్విడ్ లో సెంటు, రంగు ఉంటాయి, దాన్ని పక్కన పెట్టండి.

ఇత్తడి దగ్గరికొస్తే నాకు బాధేస్తుంది. బెల్లగుంఠ చేప చూశారు కదా, పొలుసు పొలుసుగా అతికి ఒళ్ళంతా వంగుతుంది. మాకొచ్చిన వాటిల్లో ఒకటి ఎవరో ఎప్పుడో పాలిష్ పెట్టి రుద్దినది, ప్రతి పొలుసు కిందా తెల్లగా గట్టిపడిపోయి చేప వంగడమే మానేసింది. భూతద్దం కింద పెట్టి, పుల్ల మొనకి కాస్త ఆల్కహాల్ అద్ది, ఒక్కో సందు తీస్తుంటే తెల్లపొడి పెళుసుగా పెచ్చులు పెచ్చులుగా వచ్చింది, కొన్నిచోట్ల రాలేదు, అలాగే వదిలేశాం. తోక దగ్గర మూడు పొలుసులు మళ్ళీ కదిలాయి, దానికే గదిలో అందరం సంబరపడ్డాం.

అందుకే లోహాన్ని అరగదీసే గరుకు పొడి ఉన్న ఏ పాలిష్ కీ, అమ్మోనియా ఉన్న ఏ పాలిష్ కీ నేను ఒక్క స్టారు కూడా ఇవ్వను. అమ్మోనియాకీ ఇత్తడికీ ఉన్న వైరం మన దేశంలోనే బయటపడింది తెలుసా, బ్రిటిష్ సైన్యం తూటాల ఇత్తడి తొడుగులు వానాకాలంలో గుర్రపుశాలల్లో దాస్తే వాటంతటవే పగిలిపోయేవి, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తొడుగు చేసేటప్పుడు లోహంలో ఉండిపోయిన బిగువు, రెండూ కలిసి చీల్చేస్తున్నాయని 1921లో తేల్చారు. కొట్టి వంచి చేసిన పాత సామానుకి ఆ బిగువు ఉండనే ఉంటుంది. చింతపండు కూడా అంతే, రోజూ తోమే బిందెకి పర్లేదు, పాత వస్తువుకి వద్దు, పులుపు జింకుని లాగేసి పైన ఎర్రగా రాగి తేలుతుంది, సన్నటి చెక్కుడు పని అరిగిపోతుంది. బ్రష్ తో దులిపి, దూదికి డిస్టిల్డ్ వాటర్ అద్ది దొర్లించి, వెంటనే ఆరబెట్టడం వరకే మా పద్ధతి. నల్లగా, గోధుమగా ఉన్న ఆ పాతపొర మురికి కాదు, దాన్ని ఉంచాలి.

వెండికి సోడా, అల్యూమినియం ఫాయిల్, వేడినీళ్ళ వీడియోలు తెగ తిరుగుతున్నాయి. చెయ్యొద్దండి. నకాషీ (చెక్కుడు) గీతల్లో కావాలని ఉంచిన నలుపు కూడా పోయి గిన్నె బోసిగా అయిపోతుంది. తప్పదనుకుంటే ప్రెసిపిటేటెడ్ కాల్షియం కార్బొనేట్, అంటే మెత్తటి సుద్దపొడి, లేబ్ సరుకు కొంచెం నీళ్ళతో ముద్దచేసి దూదితో చాలా తేలిగ్గా, అదీ ఏళ్ళకోసారి, ఎందుకంటే రుద్దినప్పుడల్లా కొంత వెండి పోతుంది. బళ్ళో సుద్దముక్క నూరి వాడదాం అంటారు కొందరు, అది ఎక్కువగా జిప్సం, సుద్ద కాదు, వద్దు. పళ్ళపొడి, టూత్ పేస్టు ఇంకా గరుకు.

రినయిసెన్స్ వ్యాక్స్ అని చిన్న డబ్బా, ఖరీదెక్కువ. 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం లేబ్ లో తయారైన మైక్రోక్రిస్టలైన్ మైనం ఇది, తుడిచే సరుకు కాదు, పైన కాపాడే పూత. మా ఉప్పుగాలికి ఇత్తడి మీద ఇది పనికొచ్చింది, వేలికొసంత తీసుకుని పల్చగా రాసి నూలుగుడ్డతో తుడిచేస్తే వేలిముద్రలు పట్టవు, తేమ నేరుగా తగలదు. డబ్బా చాలా ఏళ్ళొస్తుంది కాబట్టి ఖరీదు గురించి బాధపడక్కర్లేదు. దాంట్లో ద్రావకం వాసన ఉంటుంది, కిటికీలు తియ్యండి. తాటాకుకీ గంజీఫాకీ కొమ్ముకీ మాత్రం వద్దు. నాలుగు.

కొమ్ము బొమ్మలు చాలామంది కొబ్బరినూనె రాసి మెరిపిస్తారు, పర్లాకిమిడి కొంగ మెడ నూనెతో నిగనిగలాడితే చూడ్డానికి బాగుంటుంది నిజమే, ఆర్నెల్లకి ఆ నూనె మీద దుమ్ము పేరుకుని జిగటగా నల్లటి పొర అవుతుంది. కొమ్ము అంటే మన గోరు, జుట్టు లాంటి పదార్థమే, కెరటిన్, నీళ్ళలో నానితే ఉబ్బి పొరలు విడిపోతాయి, సోడా అమ్మోనియా దాన్ని తినేస్తాయి. పొడి బ్రష్, అవసరమైతే పిండేసిన తడిదూది ఒక్క దొర్లు, వెంటనే పొడిదూది. అడుగున, కాళ్ళ సందుల్లో చిన్న చిల్లులూ పొడీ కనిపిస్తే పురుగు తింటోందని, దాన్ని వేరే డబ్బాలో మూతపెట్టి విడిగా ఉంచండి.

గంజీఫాకి తడి అన్న మాటే లేదు. గుడ్డ పొరలు చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, దానిమీద రంగు. ఆ జిగురు నీళ్ళకి కరుగుతుంది, అంటే తడిదూది ఒక్కసారి తగిలినా కింద పునాదే కదులుతుంది. దశావతారాల కట్ట పూర్తిగా ఉంటే 120 చీట్లు, మా దగ్గర అంతలేవు, ఉన్నవాటికి సన్నటి మెత్తని బ్రష్ తో అంచు వెంట ఒక చుట్టు, బొమ్మ మీద రంగు లేచినచోట ముట్టుకోవడం లేదు.

గ్లౌజులు కొనేటప్పుడు లోహాలకి పౌడర్ లేని నైట్రైల్ తీసుకోండి, లేటెక్స్ లో గంధకం ఉంటుంది, వెండికి పడదు. తాటాకుకి గ్లౌజు అక్కర్లేదు, కడిగి పూర్తిగా ఆరిన చేతులే మంచివి, నూలు గ్లౌజు పోగు ఆకు చీలికలో చిక్కుకుంటుంది.

ఒక్క స్టారు ఇచ్చేది ఆన్ లైన్ లో మ్యూజియం గ్రేడ్ అని రాసి అమ్మే ఒక క్లీనింగ్ కిట్ కి. అమ్మినవాళ్ళ పేరు చెప్పను. మూడు సీసాలు, ఒక గుడ్డ, ఒక బ్రష్, పెట్టె మాత్రం అందంగా ఉంది. సీసా మీద ఏముందో ఒక్క పదార్థం పేరు రాయలేదు, అడిగితే అన్నిటికీ సేఫ్ అన్నారు గానీ ఏం కలిపారో చెప్పలేదు. తాటాకుకీ వెండికీ పట్టుకీ ఒకే సీసా సేఫ్ అవ్వడం జరగదు. బ్రష్ కాల్చి చూస్తే నైలాన్. తిప్పి పంపించేశాను. లోపల ఏముందో రాయని సీసా, ఎవరమ్మినా, పాత వస్తువు దగ్గరికి రానివ్వకండి.

డబ్బు తక్కువుంటే ముందు బ్రష్, దూది, డిస్టిల్డ్ వాటర్, దోమతెర ముక్క, చుట్టడానికి కోరాగుడ్డ. గుడ్డని గంజి పోయేదాకా వేడినీళ్ళలో ఉడకబెట్టి ఉతకాలి, గంజికి పురుగొస్తుంది. ఏది వాడినా ముందు కనపడని మూల బియ్యపుగింజంత చోట పరీక్ష చేసి మర్నాడు చూడండి. రంగు లేస్తున్నా, ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయినా, పచ్చపొడి పుడుతున్నా ఇంట్లో చెయ్యకండి, భువనేశ్వర్ లో ఇంటాక్ (పాత కట్టడాలూ కళావస్తువులూ కాపాడే సంస్థ) వాళ్ళ కన్జర్వేషన్ సెంటర్ ఉంది, అతుక్కున్న ఆకుల కట్ట ఒకటి మేమూ అక్కడికే తీసుకెళ్దామని పక్కన పెట్టాం.

వెడల్పు హాకే బ్రష్ విశాఖలో గానీ ఇచ్ఛాపురం వైపు గానీ విడిగా దొరికే షాపు తెలిస్తే చెప్పండి, మా దగ్గరున్నది వెంట్రుకలు పల్చబడింది, ఆన్ లైన్ లో అయితే కాల్చి చూసే వీలుండదు.